అడాప్టివ్ హెడ్‌లైట్లు: మీ రాత్రి ప్రయాణానికి ఏ రకం సరిపోతుంది?

కారు బ్రోచర్‌లో హెడ్‌లైట్ దగ్గర ఇప్పుడు నాలుగైదు పేర్లు కనిపిస్తాయి: ఆటో హైబీమ్, కార్నరింగ్ ల్యాంప్, అడాప్టివ్ ఫ్రంట్ లైటింగ్, మ్యాట్రిక్స్, డిజిటల్ లైట్. అన్నిటినీ 'అడాప్టివ్' అని ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు. అవి చేసే పనులు మాత్రం వేరు. ఒకటి దూరం చూపిస్తుంది, ఒకటి వంపు చూపిస్తుంది, ఒకటి పక్క సందు చూపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద ప్రాణం కాపాడేది, తిన్నని చీకటి హైవే మీద దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. కాబట్టి పేర్లు పక్కన పెట్టి, రాత్రిపూట మీకు ఎక్కడ కనబడటం లేదో ముందు తేల్చుకోండి.

## లోబీమ్ ఎంత దూరం చూపిస్తుంది

లోబీమ్‌ను గోడ మీద వేసి చూస్తే వెలుగుకు పైన ఒక గీత కనిపిస్తుంది. కింద తెల్లగా, పైన చీకటి. ఎదుటివారి కళ్లలో పడకుండా ఈ గీతను కొద్దిగా కిందికి వంచుతారు. మామూలు కార్లలో ఆ వంపు 1 శాతం దగ్గర ఉంటుంది, అంటే మీటరుకు 1 సెం.మీ. దిగుతుంది. నేల నుంచి 65 సెం.మీ. ఎత్తున్న హెడ్‌లైట్ గీత 65 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. మీ పక్క రోడ్డు అంచు వైపు గీత కాస్త పైకి లేస్తుంది కాబట్టి అటు ఇంకొంత దూరం కనబడుతుంది. ఎదురు వాహనాలు వచ్చే వైపు అంతకు మించి రాదు.

ఇప్పుడు ఆగడానికి పట్టే దూరం చూడండి. స్పందనకు 1.5 సెకన్లు, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినట్టు లెక్క.

| వేగం (గంటకు) | స్పందించేలోపు | బ్రేకు పడ్డాక | మొత్తం |
|---|---|---|---|
| 60 కి.మీ. | 25 మీ. | 20 మీ. | 45 మీ. |
| 80 కి.మీ. | 33 మీ. | 35 మీ. | 68 మీ. |
| 100 కి.మీ. | 42 మీ. | 55 మీ. | 97 మీ. |

రోడ్డు తడిగా ఉంటే 80 దగ్గరే మొత్తం దూరం 90 మీటర్లకు చేరువవుతుంది. పైగా 65 మీటర్ల దగ్గర లోబీమ్ తాకేది నేలను మాత్రమే. అక్కడ నల్ల బట్టలతో నడుస్తున్న మనిషి చెప్పులు తప్ప ఇంకేమీ వెలగవు. లోబీమ్‌లో 80 దాటడమంటే కనబడని రోడ్డు మీదికి బండిని తోలడమే. అడాప్టివ్ లైట్లను తూచడానికి నా దృష్టిలో మొదటి కొలత ఇదే: ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మకుండా, రాత్రిలో ఎంత భాగం హైబీమ్‌తో నడపనిస్తాయి? ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత), ఎంత తెలుపు అన్నవి ఆ తర్వాత.

## ఏం చూసి ఎంచుకోవాలి

మీరు రాత్రి ఎక్కువగా తిరిగే రోడ్డు ఎలాంటిది? వీధి దీపాల నగరమా, దీపాల్లేని రెండు వరుసల రోడ్డా, డివైడర్ ఉన్న హైవేనా, ఘాట్ రోడ్డా? జవాబులో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

తర్వాత బరువు. వెనుక సీటు నిండి, డిక్కీలో సామాను పడితే కారు ముక్కు లేస్తుంది. 1 శాతం వంపు అంటే కోణంలో 0.57 డిగ్రీలే. ముక్కు అంత లేస్తే చాలు, లోబీమ్ గీత అడ్డంగా సమమై ఎదుటివారి కళ్లలోకి పోతుంది. ఎప్పుడూ నిండుగా తిరిగే బండికి ఆటో లెవెలింగ్ (బరువును బట్టి లైటు వంపును తనంతట తానే సరిచేసే ఏర్పాటు) ఉండటం, మ్యాట్రిక్స్ ఉండటం కన్నా ముందు చూడాల్సిన విషయం.

మూడోది మరమ్మతు. బల్బు మార్చుకునే హెడ్‌లైట్ వేరు, ఎల్‌ఈడీలు, మోటార్లు, కంట్రోల్ యూనిట్ అన్నీ లోపల బిగించి సీలు వేసిన హెడ్‌లైట్ వేరు. రెండోదానిలో చిన్న తాకిడికి బ్రాకెట్ విరిగినా మొత్తం ల్యాంపు మార్చాల్సి రావచ్చు, మార్చాక కంప్యూటర్‌తో కోడింగ్ చేయాలి.

నాలుగోది మీ కళ్లు. 60 ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుగు 20 ఏళ్ల వారికి చేరేదానిలో దాదాపు మూడో వంతు. ఎదుటి లైటు కొట్టాక చూపు కుదురుకోవడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది. పెద్ద వయసు డ్రైవర్లకు మంచి లైట్లు విలాసం కాదు.

## రకాలు ఒక్కొక్కటిగా

సరిగా గురిపెట్టిన మామూలు హెడ్‌లైట్. దీన్ని కూడా ఒక ఎంపికగానే లెక్కించాలి. గురి తప్పిన ఖరీదైన లైటు కన్నా గురి కుదిరిన హాలోజెన్ మేలు. హెచ్7 బల్బు 55 వాట్లతో సుమారు 1500 ల్యూమెన్లు ఇస్తుంది. హెచ్4 బల్బు లోబీమ్‌లో 1000, హైబీమ్‌లో 1650 దాకా ఇస్తుంది. ఇవన్నీ బల్బు దగ్గర 13.2 వోల్టులు అందినప్పటి లెక్కలు. తుప్పు పట్టిన ఎర్త్, సన్నని వైరు, అరిగిన స్విచ్ వల్ల అక్కడికి 12 వోల్టులే చేరితే వెలుగు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. 'లైట్లు మసకగా ఉన్నాయి' అని బల్బులు మార్చేవారు ముందు మల్టీమీటరుతో బల్బు కనెక్టర్ దగ్గర వోల్టేజి చూడాలి. తేడా ఉంటే రిలేతో కొత్త వైరింగ్ వేయిస్తే చాలు. అద్దం పసుపెక్కితే 800, 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లతో (తడిపి రుద్దే గరుకు కాగితాలు) వరుసగా రుద్ది, పైన యూవీ క్లియర్ కోటు వేయాలి. ఆ కోటు వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది.

గురి చూసుకోవడం ఇంట్లోనే కుదురుతుంది. టైర్లలో సరైన గాలి, సగం ట్యాంకు ఇంధనం, డ్రైవర్ సీట్లో ఒక మనిషి, లెవెలింగ్ డయల్ 0 దగ్గర. సమతలమైన నేల మీద గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో, ఎదురుగా తిన్నగా నిలపండి. హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద టేపు అంటించండి. దానికి 10 సెం.మీ. కింద ఇంకో టేపు. లోబీమ్ గీతలో అడ్డంగా ఉన్న భాగం రెండో టేపు మీద కూర్చోవాలి. బానెట్ కింద స్టిక్కరు మీద 1.2% అని ఉంటే 12 సెం.మీ. తీసుకోండి. ఒక లైటును కప్పి మరొకటి చూడాలి, రెండూ కలిపి చూస్తే పొరపడతారు. గురి 2 శాతానికి దిగిపోయి ఉంటే మీకు కనబడే దూరం సరిగ్గా సగమవుతుంది: 65 మీటర్లు 32 అవుతాయి.

ఆటో హైబీమ్. ముందు అద్దం వెనుక కెమెరా ఎదుటి హెడ్‌లైట్లను, ముందున్న బండి వెనుక లైట్లను గమనించి మొత్తం హైబీమ్‌ను ఆర్పుతుంది, దారి ఖాళీ కాగానే మళ్లీ వేస్తుంది. నిర్మాణం సులువు, పాడయ్యేవి తక్కువ. ట్రాఫిక్ పలుచగా ఉన్న రోడ్డు మీద అక్కరకొచ్చేది ఇదే, ఎందుకంటే మనిషి మరిచిపోయే పని ఇది మరిచిపోదు. ఎదురుగా నిమిషానికి పది బండ్లు వచ్చే రోడ్డు మీద మాత్రం దాదాపు ఎప్పుడూ లోబీమ్‌లోనే ఉంటుంది. అక్కడ దీనివల్ల ఒరిగేది తక్కువ.

కార్నరింగ్ ల్యాంప్. ఇండికేటర్ వేసినా, స్టీరింగ్ బాగా తిప్పినా ఆ వైపు ఒక చిన్న దీపం పక్కకు వెలుగు చిమ్ముతుంది. చాలా కార్లలో గంటకు 40 కి.మీ. లోపే పనిచేస్తుంది, కొన్నిటిలో ఫాగ్ ల్యాంపే ఈ పని చేస్తుంది. సందులోకి తిరిగేటప్పుడు, గేటు దగ్గర, పార్కింగ్‌లో పక్కనున్న మనిషిని చూపిస్తుంది. చిన్న సదుపాయమే అయినా నగరంలో రోజూ ఉపయోగపడుతుంది.

తిరిగే హెడ్‌లైట్, అంటే అడాప్టివ్ ఫ్రంట్ లైటింగ్ (ఏఎఫ్‌ఎస్). ఈ ఆలోచన పాతది. 1948లోనే టక్కర్ కారు మధ్య దీపం స్టీరింగ్‌తో పాటు తిరిగేది, 1967లో సిట్రోయెన్ డీఎస్‌లో లోపలి లైట్లు తిరిగేవి. ఇప్పటివాటిలో స్టీరింగ్ కోణం, వేగం, బండి తిరిగే తీరు చూసి మోటారు ప్రొజెక్టరును పక్కకు తిప్పుతుంది. సాధారణంగా 15 డిగ్రీల దాకా తిరుగుతుంది.

అంత కోణం ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 40 మీటర్ల ముందున్న రోడ్డు, కారు ముక్కు చూపే దిక్కు నుంచి 8 మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. కోణంలో 11.5 డిగ్రీలు. కదలని లైటు ఆ వెలుగునంతా మలుపు బయటి చెట్ల మీద వృథా చేస్తుంది, తిరిగే లైటు రోడ్డు మీద పెడుతుంది. అదే 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపులో 15 మీటర్ల ముందున్న రోడ్డు దాదాపు 29 డిగ్రీలు పక్కకు ఉంటుంది. తిరిగే లైటు కూడా అక్కడిదాకా అందదు. అందుకే ఘాట్ రోడ్డుకు ఏఎఫ్‌ఎస్, కార్నరింగ్ ల్యాంప్ రెండూ కలిసి ఉండాలి. ఒకటే ఉంటే సగం పనే.

దీని బలహీనత: స్టీరింగ్ తిప్పాకే లైటు తిరుగుతుంది. ఎస్ ఆకారపు మలుపుల్లో రెండో వంపుకు అర క్షణం వెనకబడుతుంది. మ్యాప్ చూసి ముందే తిరిగే రకాలు కొన్ని కార్లలో ఉన్నాయి, వాటిలో ఈ లోపం తక్కువ.

మ్యాట్రిక్స్, అంటే అడాప్టివ్ డ్రైవింగ్ బీమ్ (ఏడీబీ). హైబీమ్‌ను నిలువు ముక్కలుగా విడగొట్టి, ఎదుటి బండి ఉన్న ముక్కలను మాత్రమే ఆర్పుతుంది. మిగతా రోడ్డంతా హైబీమ్‌లోనే ఉంటుంది. 2013లో ఆడి ఏ8 దీన్ని ఒక్కో హెడ్‌లైట్‌కు 25 ఎల్‌ఈడీల హైబీమ్‌తో తెచ్చింది. 2016 నాటి మెర్సిడెస్ ఈ-క్లాస్‌లో ఒక్కో వైపు 84 ఎల్‌ఈడీలు ఉన్నాయి.

ముక్కల లెక్క ఎందుకు ముఖ్యమంటే: ఒక ముక్క వెడల్పు 1.5 డిగ్రీలైతే 100 మీటర్ల దూరంలో అది 2.6 మీటర్లు. ఎదుటి కారుకు కాస్త అటూ ఇటూ మాత్రమే చీకటి పడుతుంది. అదే 3 డిగ్రీలైతే 5 మీటర్లకు పైనే. ఆ చీకటి పెట్టెలో ఎదుటి కారుతో పాటు రోడ్డు అంచున నడిచే మనిషి కూడా మాయమవుతాడు. 'మ్యాట్రిక్స్' అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒక్కో వైపు ఎన్ని ముక్కలో అడగండి. ఒక్కో వైపు ఎనిమిది, పది ముక్కలే ఉన్నవాటిని మంచి ఆటో హైబీమ్‌కు ఒక మెట్టు పైన అనుకోండి, అంతే.

కెమెరా తప్పే చోట్లు తెలిసి ఉండాలి. డివైడర్ మీద పొదలు ఎదురు లారీ హెడ్‌లైట్లను దాచేస్తాయి, కెమెరా 'ఎవరూ లేరు' అనుకుంటుంది. కానీ లారీ డ్రైవర్ ఎత్తున కూర్చుంటాడు, మీ హైబీమ్ నేరుగా ఆయన కళ్లలో పడుతుంది. అలాంటి హైవే మీద డిప్ చేయడం మీ చేతిలోనే ఉంచుకోవాలి. గుట్ట ఎక్కాక శిఖరం దాటుతున్నప్పుడు ఎదుటి లైట్లు ఒక్కసారిగా కెమెరాకు కనబడతాయి, అక్కడా ఒక క్షణం ఆలస్యమవుతుంది. వెనుక లైట్లు వెలగని బండిని, సైకిల్‌ను, పాదచారిని వాహనంగా గుర్తించకపోవచ్చు. పెద్ద మెరిసే సూచిక బోర్డులను చూసి అనవసరంగా డిప్ కావడమూ ఉంది.

ఇంకో మాట. అమెరికాలో ఏడీబీకి అనుమతి 2022 ఫిబ్రవరిలో వచ్చింది, యూరప్‌లో అంతకు చాలా ఏళ్ల ముందే నడుస్తోంది. ఒకే మోడల్ అయినా దేశాన్ని బట్టి ఈ సదుపాయం ఆపి ఉండవచ్చు. విదేశీ వీడియో చూసి కొనవద్దు, మీకు అమ్మే వేరియంట్ మాన్యువల్ తెరిచి చూడండి.

డిజిటల్ లైట్, లేజర్. 2018లో మెర్సిడెస్-మేబాక్ ఎస్-క్లాస్‌లో వచ్చిన డిజిటల్ లైట్‌లో ఒక్కో హెడ్‌లైట్‌కు పది లక్షలకు పైగా సూక్ష్మ అద్దాలు ఉంటాయి. చీకటి పెట్టె అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి, రోడ్డు మీద గీతలు కూడా గీయగలదు. 2014 బీఎండబ్ల్యూ ఐ8 లేజర్ హైబీమ్‌కు 600 మీటర్ల దూరం చెప్పారు. అంత దూరం ఖాళీగా, తిన్నగా, చీకటిగా ఉండే రోడ్డు ఎంతమందికి దొరుకుతుంది? వేరే కారణంతో ఆ కారు కొంటే సరే, లైట్ల కోసమే ఆ మెట్టు ఎక్కనక్కర్లేదు.

| రకం | చీకటి రెండు వరుసల రోడ్డు | ఘాట్ రోడ్డు | నగరం | పాడైతే |
|---|---|---|---|---|
| గురి కుదిరిన మామూలు లైటు | చేతితో డిప్ చేయాలి | బలహీనం | చాలు | బల్బు రకమైతే సులువు |
| ఆటో హైబీమ్ | బాగుంటుంది | పర్వాలేదు | అక్కర్లేదు | కెమెరా తప్ప పెద్దగా లేదు |
| కార్నరింగ్ ల్యాంప్ | ఉపయోగం తక్కువ | హెయిర్‌పిన్‌లో మేలు | చాలా మేలు | సులువు |
| ఏఎఫ్‌ఎస్ | వంపుల్లోనే | చాలా మేలు | కొద్దిగా | మోటారు, సెన్సర్ |
| మ్యాట్రిక్స్ | అన్నిటికన్నా మేలు | బాగుంటుంది | అక్కర్లేదు | మొత్తం ల్యాంపు |

## ఎవరికి ఏది

నగరం దాటనివారు మంచి ఎల్‌ఈడీ లోబీమ్, కార్నరింగ్ ల్యాంప్ ఉన్న వేరియంట్ తీసుకుని ఆగిపోవచ్చు. వీధి దీపాల కింద మ్యాట్రిక్స్ నిద్రపోతూ ఉంటుంది.

దీపాల్లేని రెండు వరుసల రోడ్డు మీద వారానికి మూడు నాలుగు రాత్రులు వెళ్లేవారికి మాత్రం మ్యాట్రిక్స్ విషయంలో నేను వెనకాడను. సన్‌రూఫ్ వదులుకునైనా తీసుకోవాల్సింది అదే. ఎదురు బండి దాటుతున్న ఆ నాలుగైదు సెకన్లలో మీ పక్క రోడ్డు అంచు హైబీమ్‌లో వెలుగుతూ ఉండటం ఒకసారి చూస్తే తేడా అర్థమవుతుంది. బండ్లు అరుదుగా వచ్చే రోడ్డైతే ఆటో హైబీమ్‌తోనే ఆ లాభంలో ఎక్కువ భాగం దొరుకుతుంది.

కొండ ప్రాంతం వారు ఏఎఫ్‌ఎస్ లేని మ్యాట్రిక్స్ కన్నా, ఏఎఫ్‌ఎస్‌తో ఆటో హైబీమ్ ఉన్నది ఎంచుకోవడం మేలు. మంచు, జోరువాన ఎక్కువ ఉండే చోట ఏ హైబీమ్ అయినా నీటి తుంపరల మీద పడి తెల్లని తెరలా వెనక్కి కొడుతుంది. అక్కడ కిందికి బిగించిన ఫాగ్ ల్యాంపులు చూసుకోండి.

మోటార్ సైకిల్‌కు సమస్య వేరు. బండి వంగినప్పుడు లోబీమ్ గీత కూడా వంగి, మలుపు లోపలి వైపు చీకటవుతుంది. వంగిన కోణాన్ని బట్టి పక్క ఎల్‌ఈడీలు వెలిగించే కార్నరింగ్ లైట్లు దీనికి మందు. 2015 కేటీఎం 1290 సూపర్ అడ్వెంచర్‌లో ఇవి వచ్చాయి. దూర ప్రయాణాలు చేసేవారు తప్పక పరిశీలించాలి.

ఉన్న కారుకే బయట దొరికే ఎల్‌ఈడీ బల్బులు బిగిద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. హాలోజెన్ రిఫ్లెక్టరును ఒక సన్నని ఫిలమెంటు కచ్చితంగా ఉండే చోటును బట్టి రూపొందిస్తారు. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పలక మీద రెండు వైపులా అంటించి ఉంటాయి. వెలుగు పుట్టే చోటు మిల్లీమీటరు జరిగినా గీత చెదిరిపోతుంది. కారు ముందు ఐదు మీటర్ల దాకా తెల్లగా మెరుస్తుంది, కన్ను ఆ మెరుపుకు అలవాటుపడి దూరంలో ఉన్నది ఇంకా తక్కువ చూస్తుంది. ఎదుటివారికేమో కళ్లలో సూదులు. పైగా వెనుక ఫ్యాను వల్ల రబ్బరు మూత సరిగా మూయక హెడ్‌లైట్ లోపలికి తేమ చేరుతుంది.

## కొనేముందు చూసుకోవాల్సినవి

పగటి టెస్ట్ డ్రైవ్‌లో లైట్ల గురించి ఏమీ తెలియదు. రాత్రి, వీధి దీపాల్లేని రోడ్డు మీదికి తీసుకెళ్లండి. స్విచ్ ఆటో మీద పెట్టండి. ఒక కారు వెనుక 80 మీటర్ల దూరంలో వెళ్తూ దాని చుట్టూ చీకటి పెట్టె ఎంత పెద్దదిగా ఉందో, అది వంపులో కారుతో పాటు జరుగుతోందో లేదో గమనించండి. ఎదుటి బండ్లు మీకు డిప్పర్ కొడుతున్నాయా? రెండు మూడు కొడితే గురి గానీ, కెమెరా గానీ తప్పుతోందని అర్థం.

పాత కారు కొంటుంటే గోడ ఎదురుగా నిలిపి స్టార్ట్ చేయండి. చాలా ఏఎఫ్‌ఎస్ లైట్లు స్టార్ట్ కాగానే కిందికీ పైకీ, పక్కలకూ ఒకసారి కదిలి సరిచూసుకుంటాయి. ఒక వైపు కదలకపోతే మోటారో సెన్సరో పోయినట్టే.

కార్ల భద్రతను పరీక్షించే అమెరికా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2016 నుంచి హెడ్‌లైట్లకు రేటింగ్ ఇస్తోంది. తిన్నని దారిలో, మలుపుల్లో ఎంత దూరం వెలుగు పడుతోందో, ఎదుటివారికి ఎంత కొడుతోందో కొలుస్తుంది. 'గుడ్' వచ్చిన లైట్లున్న కార్లలో, 'పూర్' వచ్చినవాటితో పోలిస్తే, రాత్రిపూట ఒంటరి వాహన ప్రమాదాలు 19 శాతం తక్కువని 2021లో తేల్చింది. అయితే ఒకే మోడల్‌లో ట్రిమ్‌ను (వేరియంట్‌ను) బట్టి రేటింగ్ మారుతుంది, మీ ట్రిమ్ పేరుతోనే వెతకాలి.

## తర్వాత ఏం పాడవుతుంది

ఎక్కువగా పోయేది, ఆటో లెవెలింగ్‌కు కారు వంపు తెలిపే ఎత్తు సెన్సరు. వెనుక సస్పెన్షన్ ఆర్మ్‌కు వేలు పొడవున్న ఒక చిన్న కడ్డీతో కలిపి ఉంటుంది. బురద, రాయి దెబ్బకు ఆ కడ్డీ చివరి గుండు ఊడిపోతుంది. అప్పుడు చాలా కార్లు జాగ్రత్తగా లైట్లను కిందికి దించేస్తాయి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. హెడ్‌లైట్ మార్చాలని ఎవరైనా చెప్పేలోపు కారు కింద ఆ కడ్డీ చూడండి.

వీల్ అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ సెన్సరు సున్నా సరిచేయకపోతే ఏఎఫ్‌ఎస్ తిన్నని రోడ్డు మీద కూడా కాస్త పక్కకు చూస్తుంది. హెడ్‌లైట్ లోపల పలుచని ఆవిరి లైటు వేసిన అరగంటలో పోతే పర్వాలేదు. నీటి బొట్లు నిలిచి ఉంటే సీలు పోయినట్టు, వారంటీలో ఉండగానే చూపించాలి.

కెమెరా ముందు అద్దం మీద స్టిక్కరు, డాష్‌క్యామ్, నల్ల ఫిల్మ్ ఏదీ అడ్డం ఉండకూడదు. అక్కడ తుడిచే వైపర్ బ్లేడు అరిగితే వానలో మ్యాట్రిక్స్ తనంతట తాను ఆగిపోతుంది. ముందు అద్దం మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్ చేయించి, బిల్లు మీద అది రాయించుకున్నాకే బండి తీసుకోండి. కెమెరా ఒక డిగ్రీ పక్కకు చూస్తే 100 మీటర్ల దగ్గర చీకటి పెట్టె 1.7 మీటర్లు జరుగుతుంది, అంటే ఎదుటి కారు సగానికి పైగా మీ హైబీమ్‌లో ఉంటుంది.